సంఘర్షణ పీడిత సమాజాల్లో యువత మానసిక ఆరోగ్యం

యుద్ధం, అంతర్యుద్ధం, సాయుధ తిరుగుబాటు, జాతి కలహాల మధ్య పెరిగిన పిల్లల మనసుకు తగిలే దెబ్బలు, వాటి నుంచి వాళ్ళు తేరుకునే తీరు, అందులో ఇల్లూ ఊరూ బడీ ప్రభుత్వమూ చేసే మేలూ కీడూ ఈ అంశం పరిధిలోకి వస్తాయి. ఐక్యరాజ్యసమితి లెక్కలో యువత అంటే 15 నుంచి 24 ఏళ్ళ వారు. 'యువత, శాంతి, భద్రత' మీద భద్రతామండలి 2015 డిసెంబరులో చేసిన 2250వ తీర్మానం ఆ వయసును 18 నుంచి 29గా తీసుకుంది. యుద్ధానికి ఈ హద్దులేవీ పట్టవు. పదేళ్ళప్పుడు సాయుధులు ఎత్తుకుపోయిన పిల్లవాడు పదిహేడేళ్ళకు ఊరు చేరతాడు. అప్పటికి అతని ఈడువాళ్ళు పదో తరగతి దాటి ఉంటారు, అతనికి అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం.

39 దేశాల్లో జరిగిన 129 అధ్యయనాలను కలిపి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక అంచనా వెలువరించింది. సంఘర్షణ ప్రాంతాల్లో ఏ సమయంలో చూసినా నూటికి 22 మంది కుంగుబాటు, ఆందోళన, గాయానంతర ఒత్తిడి, తీవ్ర మనోవ్యాధుల్లో ఏదో ఒకదానితో బాధపడుతున్నారు. మొత్తం జనాభాలో నూటికి 9 మంది బాధ మధ్యస్థం నుంచి తీవ్రం దాకా ఉంటుంది. మిగతా 78 మంది మాట ఏమిటి? వాళ్ళకూ నిద్ర పట్టని రాత్రులు ఉంటాయి, తలుపు గట్టిగా పడితే ఉలికిపాటు ఉంటుంది. వాళ్ళను రోగులనడం తప్పు, ఏమీ కాలేదనడం అంతకన్నా తప్పు. ఈ రంగంలోని చర్చంతా ఆ రెండు తప్పుల మధ్యే నడుస్తూ వచ్చింది.

మనసు, మతి, బెంగ

"మనసు బాగోలేదు" అని మనం అక్కతోనో స్నేహితుడితోనో చెప్పుకుంటాం. అందులో సిగ్గు లేదు. "మతి చెడింది" అన్న మాట బయటికి వస్తే మాత్రం ఆ ఇంటికి పెళ్ళి సంబంధాలు రావు. నేపాలీలోనూ అచ్చం ఇదే తేడా ఉంది. అక్కడ ప్రేమ, దిగులు, జ్ఞాపకం 'మన్'లో ఉంటాయి. వివేకం, అదుపు 'దిమాగ్'లో ఉంటాయి. మన్ నొచ్చుకుంటే అది బాధ, దిమాగ్ పాడైతే పిచ్చి. మానవ శాస్త్రజ్ఞుడూ మనోవైద్యుడూ అయిన బ్రాండన్ కోర్ట్ 2008లో తన సహ పరిశోధకుడితో కలిసి ఈ భేదాన్ని వివరంగా రాశాడు. వైద్యశాల బోర్డు మీద 'మానసిక రోగం' అని రాసి ఉంటే దాన్ని దిమాగ్ జబ్బుగా చదువుకుని జనం వెనుదిరుగుతారు. 'మన్ సమస్య' అంటే వచ్చి కూర్చుంటారు. ఉత్తర ఉగాండాలోని అచోలీలు కుంగుబాటు లాంటి స్థితులను 'టూ టామ్', 'పార్', 'కుము' అనే పేర్లతో గుర్తుపడతారు. అక్కడ పనిచేసిన పరిశోధకులు ముందు ఈ పేర్లు నేర్చుకుని, ఆ తర్వాతే ప్రశ్నావళి తయారు చేసుకున్నారు.

మన భాషలో 'బెంగ' ఉంది. తల్లి కనిపించక పసివాడు తిండి మానేసి, జ్వరం తెచ్చుకుని, మంచానికి అతుక్కుపోవడాన్ని మన పెద్దలు వేరే జబ్బుగా చూడలేదు, "బెంగ పెట్టుకున్నాడు" అన్నారు. మనసునూ ఒంటినీ విడదీయని మాట అది. ఎదురుదెబ్బ తిని మళ్ళీ లేవగలిగే గుణానికి మాత్రం మన పుస్తకాల్లో 'స్థితిస్థాపకత' అనే భౌతికశాస్త్ర పదం వాడుతున్నారు. సాగదీసిన రబ్బరు పాత ఆకారానికి తిరిగి వస్తుంది. యుద్ధం చూసిన పిల్ల పాత పిల్లగా మారదు. జనం నోట ఉన్న 'తేరుకోవడం', 'నిలదొక్కుకోవడం' ఆ సంగతిని సరిగ్గా చెబుతాయి కాబట్టి ఈ వ్యాసంలో ఆ మాటలే వాడుతున్నాం.

భావన ఎదిగిన తీరు

1939 సెప్టెంబరు మొదట్లో, బాంబుల భయంతో బ్రిటన్ ప్రభుత్వం కొద్ది రోజుల్లోనే దాదాపు 15 లక్షల మందిని నగరాల నుంచి పల్లెలకు తరలించింది. వాళ్ళలో సగానికి పైగా బడి పిల్లలు, అమ్మానాన్నలు వెంట లేకుండా వెళ్ళినవాళ్ళు. లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో యుద్ధకాలపు శిశు సదనాలు నడిపిన మనోవిశ్లేషకులు అన్నా ఫ్రాయిడ్, డొరొతీ బర్లింగామ్ ఆ తరం పిల్లలను దగ్గరగా గమనించారు. తల్లి ఒడిలో బాంబు చప్పుళ్ళు విన్న పిల్లల కన్నా, క్షేమంగా ఉన్నా తల్లికి దూరమైన పిల్లలే ఎక్కువ చితికిపోయారని వాళ్ళు రాశారు. ఎనభై ఏళ్ళు దాటినా ఆ పరిశీలన చెక్కు చెదరలేదు.

వియత్నాం యుద్ధం నుంచి తిరిగివచ్చిన అమెరికన్ సైనికుల పోరాటం వల్ల 1980లో గాయానంతర ఒత్తిడి వ్యాధి అమెరికా మనోవైద్యుల అధికారిక జాబితాకు ఎక్కింది. దాంతో బాధకు గుర్తింపు వచ్చింది కానీ, చూపంతా ఒక్క మనిషి మీదా, గతంలో జరిగిన ఒక్క ఘటన మీదా నిలిచిపోయింది. ఇంకోవైపు హవాయి దీవుల్లోని కవాయిలో ఎమీ వెర్నర్ అనే పరిశోధకురాలు 1955లో పుట్టిన 698 మంది పిల్లలను దశాబ్దాల పాటు వెన్నంటి చూసింది. పేదరికం, తల్లిదండ్రుల తగవులు, జబ్బుల మధ్య పెరిగినవాళ్ళలో కూడా దాదాపు మూడో వంతు నిలకడైన మనుషులుగా ఎదిగారు. అలా ఎదిగిన వాళ్ళలో చాలామందికి తమను మనసారా పట్టించుకున్న పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారు: అమ్మమ్మో, పంతులమ్మో, పక్కింటావిడో. 1996లో నిపుణురాలిగా గ్రాసా మాషెల్ ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదికతో యుద్ధంలో పిల్లల పరిస్థితి ప్రపంచ రాజకీయాంశమైంది. విపత్తుల్లో మానసిక సహాయానికి ఐరాస సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి 2007లో ఉమ్మడి మార్గదర్శకాలు ప్రకటించాయి.

నేపాల్: 'అయోగ్యులు'

1996 ఫిబ్రవరి 13న నేపాల్‌లో మావోయిస్టులు మొదలుపెట్టిన సాయుధ పోరాటం 2006 నవంబరు 21న శాంతి ఒప్పందంతో ముగిసింది. తిరుగుబాటు సేనలో వేల మంది పిల్లలున్నారు. కొందరిని బలవంతంగా తీసుకుపోయారు. చాలామంది ఆడపిల్లలు మాత్రం తమంతట తామే వెళ్ళారు. పన్నెండేళ్ళకో పద్నాలుగేళ్ళకో పెళ్ళి చేస్తారన్న భయం, కులం లెక్క లేకుండా అందరూ ఒకే పంక్తిలో తింటారన్న ఆశ, ఊరికి వచ్చిన సాంస్కృతిక దళం పాటలు వాళ్ళను అడవి దారి పట్టించాయి.

ఒప్పందం ప్రకారం ఐరాస బృందం శిబిరాల్లోని సైనికుల వయసు, చేరిన తేదీ పరిశీలించింది. 4,008 మంది నిబంధనలకు సరిపోలేదని తేలింది. వారిలో 2,973 మంది చేరేనాటికి మైనర్లు. వాళ్ళలో అప్పటికి శిబిరాల్లో మిగిలినవాళ్ళను 2010 జనవరి, ఫిబ్రవరిల్లో పంపించేశారు. కాగితాల మీద వాళ్ళకు పెట్టిన పేరు 'అయోగ్య లడాకు'. తెలుగులో 'అయోగ్యుడు' ఎంత తిట్టో నేపాలీలోనూ అంతే తిట్టు. పాతికేళ్ళు నిండని పిల్లల నుదుట శాంతి ప్రక్రియే ఆ మాట రాసింది. వాళ్ళకు బడి చదువు, వృత్తి శిక్షణ, చిన్న వ్యాపారం, ఆరోగ్య రంగ శిక్షణల్లో ఒకటి ఎంచుకొమ్మన్నారు, నగదు ఇవ్వలేదు. ఆ తర్వాత స్వచ్ఛందంగా విరమించుకున్న 'యోగ్యులైన' సైనికులకు 5 నుంచి 8 లక్షల నేపాలీ రూపాయలు ముట్టాయి. ఆ అవమానం రోడ్డెక్కింది. ఏళ్ళ తరబడి ధర్నాలు జరిగాయి. మానసిక ఆరోగ్యం మీద రాసేవాళ్ళు ఈ పేరు సంగతిని పక్క విషయంగా చూస్తారు. నిజానికి గాయం అక్కడే ఉంది.

సమాజం వేసే ముద్ర మనసును ఎంత నొప్పిస్తుందో కోర్ట్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంతో తెలియడం మొదలైంది. సైన్యంలో చేరిన 141 మంది పిల్లలను, అదే వయసు, అదే నేపథ్యం ఉండి చేరని 141 మందితో పోల్చారు. చేరినవాళ్ళలో సగానికి పైగా కుంగుబాటు, గాయానంతర ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. చూసిన హింస ఎంతో లెక్కగట్టి దాన్ని మినహాయించినా తేడా పూర్తిగా పోలేదు. ముఖ్యంగా ఆడపిల్లల్లో మిగిలిపోయింది. ఆ మిగిలిన భాగానికి కారణం కోసం పరిశోధకులు ఊళ్ళ వైపు చూశారు. అగ్రకుల హిందువులు ఎక్కువగా ఉండి, ఆడవాళ్ళ చదువు తక్కువగా ఉన్న ఊళ్ళకు చేరిన అమ్మాయిలు ఎక్కువ నలిగిపోయారు. మగవాళ్ళతో కలిసి తిరిగింది, ఎవరి చేతి కూడో తిన్నది అన్న నింద అక్కడ వాళ్ళ వెంటపడింది. తుపాకి పట్టి దళాన్ని నడిపిన పిల్లను వంటింటి గడప దగ్గర ఆపేస్తే, ఆమె దిగులుకు మందు ఏ పుస్తకంలో వెతకాలి?

నేపాల్ నుంచి మంచి పద్ధతులూ వచ్చాయి. 2005 నుంచి పనిచేస్తున్న టీపీఓ నేపాల్ సంస్థ ఊరివాళ్ళకే ఆరు నెలల శిక్షణ ఇచ్చి సలహాదారులుగా తయారు చేసింది. చిత్వన్ జిల్లాలో ఇంకా సులువైన ఉపాయం పట్టారు. కుంగుబాటులో ఉన్న మనిషి బతుకును ఒక చిన్న కథగా రాసి, పక్కన బొమ్మలు వేసి, మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళా ఆరోగ్య సేవికల చేతిలో పెట్టారు. "మీ వాడలో ఇలాంటి మనిషి ఎవరైనా గుర్తొస్తున్నారా?" అన్నదే ప్రశ్న. అటువంటి వాళ్ళను ఆరోగ్య కేంద్రానికి వెళ్ళమని నచ్చజెప్పడం సేవిక పని. లక్షణాల పట్టిక చదవలేని చోట, ఇరుగుపొరుగును ఎరిగిన కన్ను ఆ పని చేసింది.

సియెర్రా లియోన్: ఊరు ఒప్పుకుంటేనే

పశ్చిమ ఆఫ్రికాలోని ఈ చిన్న దేశంలో 1991 మార్చిలో మొదలైన అంతర్యుద్ధం 2002 జనవరిలో ముగిసింది. దాదాపు 50,000 మంది చనిపోయారు. తిరుగుబాటు దళమే కాదు, ప్రభుత్వ సేన, గ్రామ రక్షక దళాలు కూడా పిల్లల చేత తుపాకులు పట్టించాయి. తుపాకి అప్పగించిన వాళ్ళనే సైనికులుగా లెక్కించిన నిరాయుధీకరణలో, వంటకూ మోతకూ 'భార్య'లుగానూ వాడుకున్న ఆడపిల్లలు లెక్కకు రాకుండా పోయారు. దేశం మొత్తానికి చాలా ఏళ్ళు ఒక్కరే మనోవైద్యుడు, ఎడ్వర్డ్ నాహిమ్.

థెరెసా బెటన్‌కోర్ట్ అనే పరిశోధకురాలు 2002లో ఈ పిల్లల బతుకులను వెన్నంటి చూడటం మొదలుపెట్టి, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని తల్లిదండ్రులయ్యేదాకా ఆగలేదు. మనిషిని చంపాల్సి వచ్చిన పిల్లలు, అత్యాచారానికి గురైన పిల్లలు ఎక్కువ కాలం బాధపడ్డారు. అందులో ఆశ్చర్యం లేదు. కానీ అంతే బాధ పడ్డ ఇద్దరిలో ఒకరు తేరుకోవడానికీ ఒకరు కూలిపోవడానికీ మధ్య నిలిచినవి ముఖ్యంగా రెండు: ఊరు ఆదరించిందా, బడిలో కొనసాగారా. 'తిరుగుబాటుదారు' అని వేలెత్తి చూపిన చోట కోపం, కుంగుబాటు పెరిగాయి. పక్కింటివాళ్ళు పిలిచి పళ్ళెం పెట్టిన చోట తగ్గాయి.

ఆ అనుభవంతో రూపొందించిన 'యువ సంసిద్ధత' కార్యక్రమాన్ని 15 నుంచి 24 ఏళ్ళ 436 మందితో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. పది సమావేశాలు, ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ వేరువేరు గుంపులు, నడిపేది స్థానికంగా శిక్షణ పొందినవాళ్ళు. కోపం వచ్చినప్పుడు పొట్ట నిండా ఊపిరి తీసుకుని నిదానించడం, తగువు తీర్చుకోవడం, చిక్కును ముక్కలు చేసి ఒక్కొక్కటిగా విప్పుకోవడం నేర్పారు. పీడకలలు, జ్ఞాపకాల తాకిడి విషయంలో హాజరు కానివాళ్ళతో పోలిస్తే పెద్ద తేడా రాలేదు. కోపాన్ని అదుపు చేసుకోవడం, రోజువారీ పనులు చక్కబెట్టుకోవడం మెరుగుపడ్డాయి. ఎనిమిది నెలల తర్వాత చూస్తే, ఈ గుంపుల్లో కూర్చున్నవాళ్ళు బడి మానకుండా నిలిచే అవకాశం ఆరు రెట్లు ఎక్కువగా ఉంది. తర్వాత దీన్ని ఉపాధి శిక్షణ పథకాలకు జోడించారు. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాడు మనసు సంగతీ అక్కడే మాట్లాడుకుంటాడు. వేరే గుమ్మం తొక్కాల్సిన పని లేదు.

మేలు చేద్దామని చేసింది బాధ పెంచగలదని చెప్పిందీ ఈ దేశమే. 'ఫంబుల్ టోక్' అంటే క్రియో భాషలో కుటుంబ ముచ్చట. మానవ హక్కుల కార్యకర్త జాన్ కాకర్ ఆధ్వర్యంలో మొదలైన ఈ ప్రయత్నంలో, రాత్రి నెగడు చుట్టూ ఊరంతా కూర్చుంటుంది. నేరం చేసినవాడు ఒప్పుకుంటాడు, పోగొట్టుకున్నవాళ్ళు చెప్పుకుంటారు, క్షమించుకుంటారు. 455 గ్రామాల్లో 2,383 మందిని పరిశీలించిన అధ్యయనం 2016లో వెలువడింది. క్షమ పెరిగింది, ఊళ్ళో కలివిడి పెరిగింది. దాంతో పాటే కుంగుబాటు, ఆందోళన, గాయానంతర ఒత్తిడి కూడా పెరిగాయి. పాత పుండును కెలికి ఆ తర్వాత చేయి పట్టుకునే ఏర్పాటు లేకపోతే, ఊరు బాగుపడినా మనిషి చితికిపోవచ్చు. ఇలాంటి సభలు తలపెట్టే ప్రతి ఒక్కరూ ముందు ఈ అధ్యయనం చదవాలి.

ఇంట్లోకి వచ్చిన యుద్ధం

తుపాకి మోత ఆగినా హింస గడప దాటి లోపలికి వస్తుంది. శ్రీలంకలో 1983 నుంచి 2009 దాకా సాగిన యుద్ధంలో జాఫ్నాలో ఉండి వైద్యం చేసిన దయా సోమసుందరం, దెబ్బ తిన్నది విడి మనుషులే కాదనీ, ఊళ్ళకు ఊళ్ళు నమ్మకాన్నీ కట్టుబాట్లనూ పోగొట్టుకున్నాయనీ రాశారు. ఈశాన్య శ్రీలంకలోని తమిళ బడి పిల్లల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో, యుద్ధానికీ సునామీకీ తోడు తండ్రి తాగుడు, ఇంట్లో దెబ్బలు కూడా పిల్లల బాధకు మూలమని తేలింది. అఫ్గానిస్తాన్‌లో 11 నుంచి 16 ఏళ్ళ 1,011 మంది పిల్లలను అడిగిన బృందమూ దాదాపు ఇదే చెప్పింది. యుద్ధం గురించి మాత్రమే అడిగి ఊరుకుంటే సగం కథే తెలుస్తుంది.

సహాయ పద్ధతులు, వాటి ఫలితాలు

2007 మార్గదర్శకాలు సహాయాన్ని నాలుగు అంచెలుగా చూస్తాయి. అందరికీ కావలసిన అడుగు అంచె తిండి, నీడ, భద్రత. దాని మీద కుటుంబాన్నీ ఊరినీ మళ్ళీ కలపడం. ఆ పైన శిక్షణ పొందిన మామూలు కార్యకర్తలు ఇచ్చే సహాయం. కొద్దిమందికే అవసరమయ్యే పై అంచెలో మనోవైద్యులు ఉంటారు. దాతల డబ్బు కింది అంచెను వదిలేసి మూడో అంచె మీద వాలితే, ఆకలితో ఉన్న పిల్లవాడికి ఊపిరి వ్యాయామం నేర్పినట్టవుతుంది. ఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క విడతలో అంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల మేలు లేదని తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంది. దాని స్థానంలో 2011లో వచ్చిన మానసిక ప్రథమ చికిత్స చూడు, విను, అవసరమైన చోటికి చేర్చు అంటుంది.

తీవ్రంగా దెబ్బ తిన్నవాళ్ళకు పనిచేసిన చికిత్సల్లో జీవిత కథన పద్ధతి ఒకటి. నేల మీద తాడు పరుస్తారు. పుట్టిన నాటి నుంచి బతుకంతా ఆ తాడే. మంచి జరిగిన చోట పువ్వు, చెడు జరిగిన చోట రాయి పెడతారు. తర్వాత ఒక్కో రాయి దగ్గర ఆగి, వరుస తప్పకుండా కథంతా చెప్పిస్తారు. తాడు చివర మిగిలిన చుట్ట ఇంకా గడపాల్సిన బతుకు. ఉత్తర ఉగాండాలో 85 మంది మాజీ బాల సైనికులతో జరిగిన పరీక్షలో, స్థానిక సలహాదారులు ఈ చికిత్స చేసినవాళ్ళకు గాయానంతర ఒత్తిడి గణనీయంగా తగ్గిందని 2011లో తేలింది. అక్కడే గులూ సమీపంలోని నిర్వాసితుల శిబిరాల్లో 314 మందితో జరిగిన పరీక్ష 2007లో ఇంకో పాఠం చెప్పింది. మనుషుల మధ్య సంబంధాలను సరిదిద్దుకోవడం నేర్పే బృంద చికిత్స అమ్మాయిల కుంగుబాటును తగ్గించింది, అబ్బాయిల్లో స్పష్టమైన ఫలితం రాలేదు. ఆటపాటల కార్యక్రమం కుంగుబాటు మీద పనిచేయలేదు.

బడి గదిలో ఐదు వారాల్లో పదిహేను సమావేశాలుగా నడిపే కార్యక్రమాన్ని ఇండోనేషియా, నేపాల్, శ్రీలంక, బురుండీల్లో పరీక్షించారు. ఇండోనేషియాలో కొంత మేలు కనిపించింది. నేపాల్‌లో అబ్బాయిల దుడుకుతనం తగ్గింది. బురుండీలో మొత్తంగా తేడా లేదు. శ్రీలంకలో ఆ తరగతులకు వెళ్ళిన అమ్మాయిల్లో గాయానంతర ఒత్తిడి, వెళ్ళనివాళ్ళలో తగ్గినంతగా తగ్గలేదు. ఒకే పుస్తకం పట్టుకుని నాలుగు దేశాలకు వెళితే నాలుగు జవాబులు వచ్చాయి. ఆ పిల్లలను, ఆ ఊరిని ముందుగా అడగకుండా తెచ్చిన సహాయాన్ని అనుమానంతో చూడటం న్యాయమే. 10 నుంచి 15 ఏళ్ళ వారి కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన కార్యక్రమంలో పిల్లలకు ఏడు, పెంచే పెద్దలకు మూడు సమావేశాలు ఉంటాయి. పెద్దలను కూర్చోబెట్టడం ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

దండకారణ్యం నుంచి గోదావరి దాకా

తెలుగు నేలకు ఈ అంశంతో ఉన్న బంధం అడవి దారిలో ఉంది. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ ప్రాంతంలో మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వ అండతో సల్వాజుడుం మొదలయ్యాక వందలాది గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఒకవైపు మావోయిస్టులు పిల్లలను బాల సంఘాల్లోకి తీసుకున్నారు, బడి భవనాలు పేల్చారు. ఇంకోవైపు బలగాలు బడుల్లో మకాం పెట్టాయి, ఐదో తరగతి చదివిన ఆదివాసీ కుర్రాళ్ళకు నెలకు 3,000 రూపాయలిచ్చి తుపాకులు పట్టించారు. కుర్రాళ్ళ చేత ఇలా తుపాకులు పట్టించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి ఉన్నారు.

ప్రాణాలు అరచేత పట్టుకుని సరిహద్దు దాటిన వేలాది గుత్తికోయ ఆదివాసీలు నాటి ఖమ్మం, వరంగల్, తూర్పు గోదావరి అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. అటవీ హక్కుల చట్టం ప్రకారం భూమి మీద హక్కు రావాలంటే 2005 డిసెంబరు 13కు ముందు నుంచే ఆ భూమిలో ఉండాలి. వీళ్ళలో ఎక్కువమంది వచ్చింది ఆ తేదీ తర్వాత. ఛత్తీస్‌గఢ్‌లో షెడ్యూల్డ్ తెగగా ఉన్న గుర్తింపు రాష్ట్రం మారగానే వెంట రాదు. ఇంట్లో కోయ మాట, బడిలో తెలుగు, పోడు కొట్టిన చేను మీద ఎప్పుడు ఎవరు వస్తారోనన్న జంకు. నేపాల్ అమ్మాయిల విషయంలో ఊరి చూపు ఎంత బరువో చూశాం. ఇక్కడ ఆ బరువు సరిహద్దు రాయి, సర్టిఫికెట్ రూపంలో ఉంది.

మన దేశంలో 2022 అక్టోబరు 10 నుంచి 14416 నంబరుతో టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సహాయ సేవ పనిచేస్తోంది. అడవిలోని గూడెంలో సిగ్నల్ అందడం ఒక సమస్య. ఎవరికి, ఏ మాటల్లో చెప్పుకోవాలన్నది అంతకన్నా పెద్దది. చిత్వన్‌లో బొమ్మల కథ పట్టుకుని తిరిగిన సేవికలకు సరితూగే మనుషులు గోదావరి ఒడ్డున ఉన్నారు: కోయ మాట్లాడే ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ ఆయాలు, కోయ గూడేల నుంచే చదువుకుని వచ్చిన కొందరు టీచర్లు. వాళ్ళకు శిక్షణ, తీరిక, జీతం ఇవ్వడం ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థలైన ఐటీడీఏలకు అసాధ్యమైన పని కాదు. 2006లో తల్లి చంకనెక్కి అడవి దాటిన పసిబిడ్డలు ఇప్పుడు ఇరవై ఏళ్ళ అంచున ఉన్నారు. వాళ్ళలో కొందరికి వాళ్ళ పిల్లలూ ఉన్నారు.